ప్రమాద వైద్యానికి ఏడాది ప్రణాళిక ఎలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, జడ్చర్ల దగ్గర ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుని. రోడ్డు ప్రమాద బాధితులకు వైద్యం మెరుగుపడాలంటే పాలమూరు, నల్గొండ ఆసుపత్రులు ఏడాది ప్రణాళిక ఎలా వేసుకోవాలి?

జవాబు: ముందు గతేడాది కేసు షీట్లు తిరగేయండి, సిస్టర్. దెబ్బ ఎప్పుడు తగిలింది, 108 ఎప్పుడు తెచ్చింది, రక్తం ఎప్పుడు ఎక్కించారు, హైదరాబాద్‌కు ఎప్పుడు పంపారు? ఈ నాలుగు సమయాలూ వరుసగా రాస్తే ఆలస్యం ఎక్కడ జరుగుతోందో తెలిసిపోతుంది.

పది పనులు నెత్తినేసుకోవద్దు, రెండు చాలు. ఒకటి: తీవ్రంగా రక్తం పోతున్నవారికి ట్రానెక్సామిక్ యాసిడ్ గాయమైన 3 గంటల్లోపే అందాలి, ఎంత ముందైతే అంత మేలు. రెండు: రోగి బయల్దేరకముందే పెద్దాసుపత్రికి ఫోన్ వెళ్లాలి. గాయాలు, బీపీ, ఇచ్చిన మందులు, ఇచ్చిన సమయం రిఫరల్ చీటీలో ఉండాలి.

44వ జాతీయ రహదారి మీద మీరు, 65వ రహదారి మీద నకిరేకల్ వాళ్లు, 108 సిబ్బంది మూడు నెలలకోసారి కలిసి కూర్చోండి. ప్రతి మరణాన్నీ చర్చించండి; తప్పెవరిదని కాదు, పని ఎక్కడ ఆగిందని. సంక్రాంతికి విజయవాడ రోడ్డు కిక్కిరిసిపోతుంది కాబట్టి డిసెంబరుకల్లా శిక్షణ, రక్త నిల్వలు సిద్ధంగా ఉండాలి.

క్షతగాత్రులను తెచ్చినవారిని పేరు చెప్పమని బలవంతపెట్టకండి. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం వారికి రక్షణ ఇచ్చింది. ఆ భరోసా కలిగితేనే రేపు ఇంకొకరు ఆగి సాయం చేస్తారు.