పైన్ చెట్టు బెరడు – పాదుకి దుప్పటి



ఈ ఉగాది సంచికలో నాకు "మొక్కల పెంపకం" శీర్షిక ఇచ్చారు. నేను పైన్ చెట్టు బెరడు గురించి రాస్తున్నాను. ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానో మీలో కొందరికి తెలుసు. తెలియని వాళ్ళకి ముందే చెప్పేస్తాను. అది దాచిపెట్టి పాఠం రాస్తే బాగుండదు.

జరిగిన సంగతి

పోయిన ఆగస్టు 15కి జెండా దిమ్మ చుట్టూ ఉన్న తోటను మా తరగతికి అప్పగించారు. అంతకుముందు లైబ్రరీలో తోటపని పుస్తకంలో ఒక బొమ్మ చూశాను. గులాబీ మొక్కల కింద నేల కనబడకుండా ఎర్రటి చెక్కముక్కల్లాంటివి పరిచి ఉన్నాయి. కలుపు లేదు, బురద లేదు. చూడటానికి ఎంతో అందంగా ఉంది. బొమ్మ కింద "పైన్ బెరడు" అని రాసి ఉంది.

మన ప్రహరీ వెనకాల 3 పైన్ చెట్లు ఉన్నాయి కదా. నేనూ, ఇంకో ఇద్దరు మిత్రులూ 13వ తేదీ సాయంత్రం ఆటల పీరియడ్‌లో కత్తి పట్టుకుని వెళ్ళాము. పైనున్న ఎండు పెంకులు చేత్తో లాగితేనే ఊడి వచ్చాయి. అవి 2 తట్టలే అయ్యాయి. చాలలేదు. అప్పుడు కత్తి లోపలికి దింపాము. వానాకాలం కాబట్టి బెరడు పట్టలు పట్టలుగా లేచిపోయింది. లోపల తెల్లగా, తడిగా ఉంది. చేతులకి బంక అంటుకుంది. మాకు తట్టలు నిండటమే కావాలి, ఇంకేమీ ఆలోచించలేదు.

14న ముక్కలు కొట్టి పరిచాము. 15న అందరూ మెచ్చుకున్నారు. ఆ రాత్రి పెద్ద వాన కురిసింది. తెల్లారి చూస్తే బెరడు ముక్కలన్నీ పడవల్లాగా తేలి, వాలు వెంట దిగి, మెస్ వెనక కాలవలో అడ్డంపడ్డాయి. గిన్నెలు కడిగిన నీళ్ళు ఎదురు తన్నాయి. కాలవ తీయడానికి వచ్చిన సైన్సు సారు ఒక ముక్క చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఇది పచ్చి బెరడు. ఎక్కడిదిరా?" అన్నారు. మేము చెట్టు దగ్గరికి తీసుకుపోయి చూపించాము. చెట్టు చుట్టూ ముప్పావు వంతు ఒలిచేశాము. ఒక పక్కన జానెడు మాత్రమే మిగిలింది. సారు కొట్టలేదు. "ఆ జానెడే ఇప్పుడు దీని ప్రాణం" అన్నారు. అప్పటినుండి నేను తెలుసుకున్నదే ఈ పాఠము.

బెరడులో ఏముంది?

బెరడు రెండు రకములు. బయటిది చచ్చిన బెరడు. పెంకులు పెంకులుగా ఉండి చెట్టుకి చొక్కా వలె పనిచేస్తుంది. దాని లోపల పలచగా, తడిగా ఉండేది బతికున్న బెరడు. పోషక కణజాలం అని 9వ తరగతి జీవశాస్త్రంలో చదువుకున్నది ఇక్కడే ఉంటుంది. ఆకులు తయారుచేసిన ఆహారం దీని గుండానే వేళ్ళకు దిగుతుంది. నీరు మాత్రం లోపలి చెక్కలో, అంటే దారువులో, పైకి ఎక్కుతుంది.

కాబట్టి చుట్టూ పూర్తిగా బెరడు ఒలిస్తే ఏమవుతుంది? నీరు పైకి ఎక్కుతూనే ఉంటుంది, ఆకులు కొన్ని నెలలు పచ్చగానే కనిపిస్తాయి. కాని వేళ్ళకు తిండి అందదు. వేళ్ళు దాచుకున్నది తిని, అది అయిపోయాక చచ్చిపోతాయి. ఆ తర్వాత చెట్టు ఎండుతుంది. వెంటనే ఎండదు కాబట్టి ఒలిచినవాడు తన వల్ల ఏమీ కాలేదనుకుంటాడు. మేమూ 2 రోజులు అలాగే అనుకున్నాము.

మరి పుస్తకంలో బెరడు ఎక్కడిది?

ఇది నా రెండవ ప్రశ్న. అన్ని తోటలకి సరిపడా బెరడు ఒలిస్తే పైన్ చెట్లు మిగలవు కదా? సారు చెప్పిన సమాధానము: ఆ బెరడు కోత మిల్లుల దగ్గర మిగిలేది. ఉదాహరణకి ఫ్రాన్సు దేశంలో లాండ్ అనే ప్రాంతం చూద్దాము.

లాండ్ ప్రాంతం ఫ్రాన్సుకు నైరుతి మూలన, అట్లాంటిక్ సముద్రం ఒడ్డున ఉంది. పూర్వం అక్కడ ఇసుక, చిత్తడి నేలలు ఉండేవి. గొర్రెల కాపరులు కాళ్ళకి పొడవాటి కర్రలు కట్టుకుని ఆ చిత్తడిలో నడిచేవారట. మన పొరుగున ఛత్తీస్‌గఢ్‌లో హరేలి పండుగకి పిల్లలు వెదురు గేడీల మీద నడుస్తారు కదా, అలాగన్నమాట. 1857లో అక్కడి ప్రభుత్వం చట్టం చేసి, నీరు తీయించి, పైన్ చెట్లు నాటించింది. కాపరులకు మేత భూములు పోయాయి. నేడు అక్కడ సుమారు 10 లక్షల హెక్టార్ల అడవి ఉంది. అందులో ఎక్కువ భాగం మనిషి నాటిన పైనే.

అక్కడ చెట్టును కలప కోసమూ, కాగితం కోసమూ నరుకుతారు. దుంగను కోసే ముందు యంత్రంతో బెరడు తీసేస్తారు. బెరడులో ఇసుక, మట్టి ఇరుక్కుని రంపం పళ్ళు పాడుచేస్తాయి. కాగితానికీ బెరడు పనికిరాదు. ఇలా గుట్టలు గుట్టలుగా మిగిలిన బెరడును జల్లెడ పట్టి, చిన్నవి, మధ్యరకం, పెద్దవి అని వేరుచేసి, సంచుల్లో నింపి తోటలకు అమ్ముతారు. ఆర్కిడ్ మొక్కల కుండీల్లో మట్టికి బదులు కూడా ఇదే వేస్తారు. అంటే ముందు చెట్టు వేరే పనికి పడిపోయింది, బెరడు తర్వాత వచ్చింది. మేము తలకిందులు చేశాము.

అదే లాండ్‌లో పైన్ బంక తీసేవారి దగ్గర రెండు మాటలు ఉండేవి. ఒకటి "బతికుండేలా గీయటం". చెట్టుకి సన్నటి గాటు పెట్టి, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం బంక తీసుకునేవారు. రెండవది "చచ్చేలా గీయటం". త్వరలో నరికేయబోయే చెట్టుకి మాత్రమే చుట్టూ గాట్లు పెట్టి ఉన్నదంతా తీసేవారు.

ఇది మా అవ్వకి చెప్తే నవ్వింది. మన ఏజెన్సీలో తపసి జిగురు సంగతి కూడా ఇంతే కదా అంది. పూర్వం గొడ్డలితో లోతుగా నరికి జిగురు తీసేవారు. ఆ రోజు ఎక్కువే వచ్చేది గాని, చెట్టు పుచ్చి పోయేది. తర్వాత పదునైన పనిముట్టుతో పైపైన చిన్న గాటు పెట్టే పద్ధతి నేర్పారు. మందుకి బెరడు తీసినా మా అవ్వ ఒక పక్కనే, అరచేయంత తీసి, ఆ చోట మట్టి మెత్తుతుంది. "మీకు ఇది పుస్తకంలో రాయలేదేటి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మల్చింగ్ వలన లాభమేమి?

మొక్క పాదు మీద ఏదైనా కప్పు వేయడాన్ని మల్చింగ్ అంటారు. ప్రకృతి వ్యవసాయం చేసేవారు ఆచ్ఛాదన అంటున్నారు. దీనివలన,

1. ఎండ నేరుగా తగలదు, తేమ ఆరిపోదు.
2. వెలుతురు అందక కలుపు గింజలు మొలవవు.
3. వాన చినుకు మట్టిని కొట్టదు. మట్టి చింది ఆకుల మీద పడదు.
4. నేల చల్లగా ఉండి వానపాములు పైకి వస్తాయి.

ఆకులు, గడ్డి కూడా ఈ పని చేస్తాయి. కాని అవి త్వరగా కుళ్ళిపోతాయి. పైన్ బెరడులో మైనం లాంటి పదార్థమూ, టానిన్లూ ఉండటం వలన నెమ్మదిగా కుళ్ళుతుంది. రంగు కూడా బాగుంటుంది. అందుకే అందం కోసం దారుల పక్కన, పూల మొక్కల కింద వాడతారు.

మా ప్రయోగము

ఉద్దేశము: ఏ కప్పు తేమను ఎక్కువ రోజులు నిలుపుతుందో తెలుసుకొనుట.

కావలసినవి: జామ మొక్కలు 6, కాలవలోంచి తిరిగి ఏరుకున్న పైన్ బెరడు, కింద రాలిన పైన్ సూదాకులు, ఎండిన పనస ఆకులు, బకెట్టు, స్కేలు.

పద్ధతి: ఫిబ్రవరిలో మెస్ పక్కనున్న 6 జామ మొక్కలకు పాదులు చేసి, కలుపు తీసి, ఒక్కో బకెట్టు నీరు పోశాము. 2 పాదులు ఖాళీగా వదిలాము. 2 పాదులకు 3 అంగుళాల మందాన బెరడు వేశాము. మిగిలిన 2 పాదులకు సూదాకులూ పనస ఆకులూ కలిపి అదే మందాన వేశాము. తర్వాత నీరు పోయలేదు. రోజూ సాయంత్రం వేలు దింపి చూశాము.

పరిశీలన: ఖాళీ పాదు 3వ రోజుకి ఎండి పగుళ్ళు వచ్చింది. ఆకులు వేసిన పాదు 5వ రోజు వరకు, బెరడు వేసినది 6వ రోజు వరకు తడిగా ఉన్నాయి. నెల దాటేసరికి ఆకుల కప్పు సగానికి కుంగింది. బెరడు అలాగే ఉంది.

ఫలితము: బెరడు మంచిదే. కాని ఊరికే దొరికే ఆకులు దానికి ఒక్క రోజు మాత్రమే వెనకబడ్డాయి. ఈ ఒక్క రోజు కోసం మేము ఒక చెట్టుని ఒలిచాము.

బెరడు వాడేటప్పుడు జాగ్రత్తలు

1. ముందు కలుపు తీసి, నీరు పోసి, తర్వాతే పరచాలి. పొడి నేల మీద వేస్తే చిన్న వాన కిందికి దిగదు.
2. మందం 2 నుండి 3 అంగుళాలు చాలును. ఎక్కువైతే వేళ్ళకు గాలి ఆడదు.
3. మొక్క మొదలుకి ఆనించరాదు. 4 వేళ్ళ ఎడం వదలాలి. ఆనిస్తే కాండం చెమ్మగిల్లి కుళ్ళుతుంది.
4. వాలు నేలలో పెద్ద ముక్కలు వేయరాదు, తేలిపోతాయి. ఇది మెస్ కాలవ మాకు నేర్పింది. వాలులో సూదాకులు మంచివి. ఒకదానిలో ఒకటి అల్లుకుని నిలుస్తాయి. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో వీటిని మోపులు కట్టి ఇదే పనికి అమ్ముతారు.
5. పచ్చి బెరడును మట్టిలో కలపరాదు. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మట్టిలో నత్రజనిని వాడేసుకుంటాయి, మొక్క పసుపు పచ్చగా అవుతుంది. పైన పరిస్తే ఈ బాధ పెద్దగా లేదు.
6. తడి బెరడును పెద్ద కుప్పగా చాలా రోజులు వదిలితే గాలి ఆడక పులుస్తుంది. పుల్లటి ఘాటు వాసన వస్తే వెంటనే మొక్కలకు వేయరాదు. పలచగా ఆరబోసి, వాసన పోయాక వేయాలి.
7. గోడలకు, తలుపులకు, గుంజలకు దూరంగా ఉంచాలి. తేమ ఉన్నచోట చెదలు చేరతాయి.
8. పొయ్యి దగ్గర వద్దు. ఎండిన బెరడూ, సూదాకులూ త్వరగా అంటుకుంటాయి. ఉత్తరాఖండ్ అడవుల్లో వేసవి మంటలకు రాలిన పైన్ ఆకులు ఒక కారణం.

మనం ఏమి వాడాలి?

మన దక్షిణాది కొండల్లో పైన్ స్వతహాగా పుట్టిన చెట్టు కాదు. హిమాలయాల్లో చీర్ పైన్, మేఘాలయ వైపు ఖాసీ పైన్ సహజంగా ఉంటాయి. మన అరకు వైపు కనిపించేవి నాటినవి. వేలకొద్దీ పైన్ దుంగలు కోసే మిల్లులు మనకు లేవు, అందువలన బెరడు గుట్టలూ లేవు. కాబట్టి లాండ్‌కి సరిపోయిన పద్ధతి మనకు అలాగే సరిపోదు. దానంతట అది రాలిన పైన్ పెంకులు ఏరుకుందాము. రాలిన సూదాకులు, పనస ఆకులు, కాఫీ పొట్టు, వరిగడ్డి, చోడి గడ్డి వాడుకుందాము. సిల్వర్ ఓక్ దుంగలు కోసిన చోట బెరడు పడి ఉంటే యజమానిని అడిగి తెచ్చుకుందాము. జెండా దిమ్మ చుట్టూ అందం కావాలంటే పైన్ కాయలు అంచు కట్టవచ్చు. చిన్నపిల్లలు రోజూ ఏరుతూనే ఉంటారు కదా.

ముగింపు

ఆ చెట్టు ఇప్పుడు ఎలా ఉందని అడుగుతారు. గాయం మీద బంక గట్టిపడింది. అంచుల దగ్గర కొత్త బెరడు సన్నటి పెదవిలా లేస్తోంది. ఒక పక్క కింది కొమ్మల్లో ఆకులు ఎర్రబడ్డాయి. మిగతాది పచ్చగానే ఉంది. బతుకుతుందో లేదో ఇంకో వానాకాలం దాటితే గాని చెప్పలేమని సారు అన్నారు. మేము ముగ్గురం వంతులవారీగా దానికి నీళ్ళు పోస్తున్నాము. దయచేసి మిగిలిన ఆ జానెడు మీద ఎవరూ పేర్లు చెక్కవద్దు, మేకులు కొట్టవద్దు.

ఇంకొక మనవి. వేసవి సెలవులకు మనమంతా ఊళ్ళకు పోతాము. నెలన్నర పాటు వాచ్‌మెన్ తాత ఒక్కడే అన్ని మొక్కలకూ నీళ్ళు పోయలేడు. పోయిన వేసవిలో నాటినవి ఎండిపోయాయి. సెలవులకు ముందు ఆదివారం ఒక్కొక్కరు ఒక్కో పాదుకి ఆకుల దుప్పటి వేసి వెళ్దాము. వార్డెన్ సారు అనుమతిస్తే మా తరగతి తట్టలు, పారలు సిద్ధంచేస్తుంది.

మీకు ప్రశ్నలు

1. చుట్టూ బెరడు ఒలిచిన చెట్టు వెంటనే ఎందుకు ఎండదు?
2. వాలు నేలకు బెరడు ముక్కల కంటే సూదాకులు ఎందుకు మంచివి?
3. మీ ఊరిలో చెట్టు చావకుండా బెరడు, జిగురు ఎలా తీస్తారు? పెద్దవాళ్ళని అడిగి రాయండి. వచ్చే సంచికలో వేస్తాము.

– మీ మిత్రుడు, 9వ తరగతి