సాగనంపే రాత్రి, బల్ల మీది పూలు

చెల్లీ, శంషాబాద్‌లో ఇల్లుంటే ఒక భాగ్యం ఉంది. 2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్ ఇక్కడ మొదలైనప్పటి నుంచీ మా చుట్టాల్లో ఎవరు విదేశం పోయినా, పోయేముందు భోజనం మా ఇంట్లోనే. ఫ్లైటు అర్ధరాత్రి దాటాక. ఎనిమిదింటికల్లా అందరం బల్ల చుట్టూ చేరతాం. ఆ గంటన్నర కోసం నేను మధ్యాహ్నం నుంచే పూలూ కొవ్వొత్తులూ ముందేసుకుని కూచుంటాను. "తినే బల్ల మీద గిదంతా ఎందుకు బిడ్డా" అని మా అత్తమ్మ మొదట్లో అనేది. ఇప్పుడు "తామరలు తెచ్చినవా" అని తనే అడుగుతుంది.

పూలకు గుడిమల్కాపూర్ మార్కెట్ కెళ్తాను. ఆరాంఘర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే పదకొండున్నర కిలోమీటర్లు, మెహిదీపట్నంలో దిగడమే. తెల్లారకముందే వెళ్లాలి. బంతి, చామంతి కిలోల్లో కొంటే చవక. విడి రేకుల కన్నా కాడ ఉన్నవే తీసుకో. నీళ్లలో బంతిరేకులు మర్నాటికి జిగురుబట్టి వాసనొస్తాయి.

పేర్చడం మనకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు కదా! తాంబాళంలో తంగేడు, గునుగు, బంతి వరసలు తిప్పి బతుకమ్మను నిలబెట్టిన చేతులివి. కానీ గౌరమ్మ ఉండే చోట కొవ్వొత్తి పెట్టడానికి నాకు మనసొప్పదు. అందుకే శిఖరం కట్టను, బల్ల పొడవునా వరసలు మాత్రం నడిపిస్తాను. దానికి అరటి బోదెను మించింది లేదు. మూరెడు ముక్కను నిలువునా చీల్చి, చదును వైపు కిందికి బోర్లించు. చిన్న కత్తితో గాట్లు పెట్టి పూలకాడలు గుచ్చు. బోదెలోని తడికి పూలు రాత్రంతా వాడవు. దుకాణాల్లో దొరికే పచ్చ ఫోమ్ ప్లాస్టిక్కే, మట్టిలో కలవదు. బోదెను తెల్లారి పెరట్లో వేస్తే మెల్లగా ఎరువైపోతుంది.

ఎత్తు మాత్రం మరీ ముఖ్యం. మోచెయ్యి బల్లమీద ఆనించి పిడికిలి బిగించు. ఏ పువ్వూ ఆ పిడికిలి దాటకూడదు. ఫంక్షన్ హాళ్లలో నిలువెత్తు కుండీలు పెడతారు చూడు, ఎదురుగా కూచున్న మనిషి మొహం కనిపించదు. వెళ్లే పిల్ల మళ్లీ రెండేళ్లకు గానీ రాదన్న రాత్రి అవి మన మధ్య ఎందుకు?

కొవ్వొత్తులు ఇంట్లోనే పోస్తాను. మైనాన్ని నేరుగా పొయ్యిమీద పెట్టకు, వేడి మీరితే అంటుకుంటుంది. మరిగే నీళ్లలో ఇంకో గిన్నె ఉంచి అందులో కరిగించు. ఒకవేళ అంటుకున్నా నీళ్లు చల్లకు తల్లీ, మంట ఎగజిమ్ముతుంది. పొయ్యి ఆపి మూత పెట్టెయ్. చిన్న మూకుళ్లలా పోసిన మైనం నీళ్ల కన్నా తేలిక కాబట్టి ఇత్తడి ఉరుళిలో తామరల మధ్య చక్కగా తేలుతుంది. వత్తి పావు అంగుళానికి మించితే పొగ. సువాసన కొవ్వొత్తులు భోజనాల బల్లకు వద్దు. పులిహోర ఇంగువ వాసనతో అవి తగాదా పెట్టుకుంటాయి.

ఇంకో మాట భయంతోనే చెప్తున్నా. ఒకసారి ఎండిన గునుగు కంకిని దీపానికి దగ్గరగా గుచ్చాను. ఫ్యాను గాలికి మంట వాలి, కంకి భగ్గుమంది. పక్కనే పసిదాని గౌను. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. అప్పటినుంచీ ఎండుపూలు దీపాల దరిదాపుల్లో ఉంచను, ఉరుళి చుట్టూ జానెడు ఖాళీ వదులుతాను, ఫ్యాను ఆపేస్తాను.

మొన్న మా మేనకోడలు చదువుకు అమెరికా వెళ్లింది. ఉరుళిలో ఏడు దీపాలు. బయల్దేరే వేళ పిల్ల వంగి ఊదబోతే మా అమ్మ చెయ్యి పట్టుకుంది. దీపాన్ని నోటితో ఊదనివ్వదు అమ్మ. తడి చామంతి ఒకటి చేతికిచ్చి, "దీంతో కొండెక్కించు" అంది. ఆరు కొండెక్కాయి. ఏడోదాని దగ్గర పిల్ల చెయ్యి ఆగిపోయింది. "దాన్ని ఉండనీ, నేను చూసుకుంటా, నువ్వు పో బిడ్డా" అంది అమ్మ. మేం ఎయిర్‌పోర్ట్ నుంచి తిరిగొచ్చేసరికి, ఆ బల్ల దగ్గరే కుర్చీ వేసుకుని కూచుని ఉంది.