పెద్దవాళ్ల నడకకు తోడు

మేనల్లుడికి,

ఊళ్లో ఉన్నంతకాలం పెద్దవాళ్లకు నడక ప్రత్యేకమైన పని కాదు. పాలకేంద్రానికీ గుడికీ పొలానికీ వెళ్లిరావడంలోనే అది జరిగిపోతుంది. దారిపొడుగునా ఎవరో ఒకరు పలకరిస్తారు. పట్నంలో కొడుకు ఫ్లాటుకు చేరాక నడకా, పలకరింపూ ఒక్కసారే ఆగిపోతాయి. పిల్లల కళ్లకు మొదటిదే కనిపిస్తుంది. అడుగులు లెక్కపెట్టే వాచీ కొనిస్తారు.

రోజుకు పదివేల అడుగులన్న లెక్క వైద్యులు కట్టింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన ఒక అడుగుల మీటరు పేరుతో ప్రచారమైంది. సగటు వయసు 72 ఉన్న అమెరికా మహిళలపై 2019లో వెలువడిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవారికంటే 4,400 వేసేవారిలో మరణాలు తక్కువ. 7,500 దాటాక అదనపు మేలేమీ కనబడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ చాలంటుంది. తూలిపడకుండా నిలదొక్కుకునే వ్యాయామం మూడు రోజులైనా ఉండాలంటుంది. ఈ రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు.

పొద్దుటి వెలుతురు రాత్రి నిద్రకు మంచిది. మనసుకు మాత్రం అసలు మందు తోడే. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు మెదపని మనిషి పక్కన నడుస్తున్నవాడితో కష్టసుఖాలు చెప్పుకుంటాడు. రోజూ కలిసే నలుగురిలో ఒకరు రెండు రోజులు రాకపోతే మిగతావాళ్లు ఫోన్ చేసి ఆరా తీస్తారు. పార్కు బెంచీల మీద కబుర్లతో గడిచే అరగంట అందుకే వృథా కాదు.

పెద్దవాళ్లు నడకకు రామని మొరాయిస్తే బద్ధకమని తేల్చేయకూడదు. చెవి సరిగా వినపడనివారు గుంపులోకి వెళ్లడం మానేస్తారు. దారిలో మూత్రం ఆపుకోలేమనే భయం కొందరిది, పైకి చెప్పరు. చెవి పరీక్ష చేయించడం, మరుగుదొడ్డి ఉన్న పార్కు చూడటం, జారని బూట్లు కొనడం పిల్లల పని. షుగరుకు మందులు వాడేవారి జేబులో కాస్త చక్కెర ఉండాలి.

రెండు వారాలు దాటినా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తిండీ నిద్రా తగ్గడం, కారణం తెలియని ఒంటినొప్పులు ముసలితనపు లక్షణాలని సరిపెట్టుకోకూడదు. అది కుంగుబాటు కావచ్చు. అప్పుడు నడక ఒక్కటే చాలదు, డాక్టరుకు చూపించాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

కొత్తచోట మొదటి కొన్నాళ్లు ఇంట్లోవాళ్లే పక్కన నడవాలి. తోటివాళ్లు పరిచయమయ్యాక తప్పుకోవాలి. మీ నాన్నతో రేపు పొద్దున్నే నువ్వూ బయలుదేరు.

మామయ్య