పాఠం 9: గీతతో మొదలు

ఈ పాఠం చదివిన తరువాత, బడికి వెళ్లకుండా ఇంటి దగ్గరే చదువుకుంటున్న పిల్లలకు రేఖ, ఆకారం, రంగు అనే చిత్రకళా మూలాంశాలను మీరే పరిచయం చేయగలుగుతారు. “నాకే బొమ్మ వేయడం రాదు, నేనేం నేర్పుతాను?” అని మీరు సందేహించవచ్చు. ఇంట్లో ముగ్గు వేయడం వచ్చినవారు ఒక్కరున్నా చాలు.

9.1 రేఖ, ఆకారం

ముగ్గు వేసేటప్పుడు వేళ్ల మధ్య నుంచి పిండి జారుతుంది. చెయ్యి కదిలిన దారి నేల మీద నిలుస్తుంది. ఆ దారే రేఖ. చెయ్యి నిదానిస్తే రేఖ లావుగాను, వేగంగా సాగితే సన్నగాను వస్తుంది. దీన్ని మాటల్లో చెప్పకండి, పిల్లల చేతికే పిండి ఇవ్వండి. తరువాత నాలుగు వరుసల్లో నాలుగేసి చుక్కలు పెట్టి, ఒకసారి చుక్కలను కలుపుతూ, మరోసారి చుక్కల చుట్టూ మెలికలు తిప్పుతూ గీయించండి. చుక్కలు అవే, ముగ్గులు మాత్రం వేరు. తేడా ఎక్కడుందో పిల్లలనే అడగండి.

రేఖ తిరిగి బయలుదేరిన చోటికి చేరితే ఆకారం ఏర్పడుతుంది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాల్లో మనుషుల ఆకారాలను ముదురు గీతలే విడదీసి చూపుతాయి. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు కూడా వెదురు కలంతో ముందు నల్లని గీత గీసి, రంగులు ఆ తరువాతే నింపుతారు.

ఒక మాట. పిల్లవాడు ఆవుకు అయిదు కాళ్లు వేస్తే వెంటనే దిద్దకండి. “ఈ కాలు ఎటు పోతోంది?” అని అడగండి, అది తోక అని చెప్పవచ్చు. మీలో కొందరు చిన్నప్పుడు బొమ్మలు మానేసింది ఇలాంటి దిద్దుబాటు వల్లనే కావచ్చు.

9.2 రంగు

పసుపు నీళ్లలో నీలిమందు చుక్క వేస్తే ఆకుపచ్చ వస్తుంది. ఇది రెండు రంగుల కలయిక. అదే పసుపులో తెల్లటి సున్నం కలిపితే లేత పసుపు రావాలి కదా! కాని ఎర్రని పారాణి వస్తుంది. ఇక్కడ రంగులు కలవలేదు, సున్నం వల్ల పసుపులోని పదార్థమే మారింది. సున్నం కళ్లలో పడితే ప్రమాదం, కాబట్టి పెద్దవారే కలపాలి.

కృత్యం

ఈ వారం పిల్లలు వేసిన మూడు బొమ్మలు దాచండి. వాటి వెనుక తేదీ, బొమ్మ గురించి వారు చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్లే రాయండి. పాఠం 12లో వీటితో పని ఉంటుంది.