ఆగిపోయిన చదువులు - పంచాయతీ సభ్యుల పని

గ్రామ పంచాయతీ సభ్యులారా! వీధి దీపములను గూర్చియు, మురుగు కాలువలను గూర్చియు మీతో పలుమార్లు ముచ్చటించితిమి. ఈ నెల పాఠము, మీ గ్రామమున బడి యీడు దాటిపోయిన స్త్రీ పురుషుల చదువును గూర్చినది.

గుంటూరు, ప్రకాశము జిల్లాల మెట్ట గ్రామములలో బడి లెక్క ఒకటి, చేని లెక్క మరియొకటి. కార్తికమాసమున మొదలైన పత్తి తీత సంక్రాంతి దాటువరకు సాగును. దాని వెంటనే మిరప కోత. పిదప కల్లములో కాయ నెండబెట్టవలెను, తాలుకాయ నేరవలెను, తొడిమలు తీయవలెను. ఎండలు ముదురువరకు చేతికి తీరిక యుండదు. వార్షిక పరీక్షలును సరిగా ఆ దినములలోనే వచ్చును. పత్తి తీయుటకు చిన్న చేతులు చాలును గనుక, తల్లి వెంట పిల్లయు చేనికి పోయెడిది. రెండు నెలలు బడికి రాని పిల్లకు మూడవ నెలలో పాఠము బోధపడదు. బోధపడని పాఠమునకు పోవుటకు సిగ్గు. చదువు అట్లు జారిపోయినది. మాన్పించితిమని చెప్పు తల్లిదండ్రులు మాత్రము ఎక్కడను కానరారు.

1987-88లో తెల్లదోమ ఈ రెండు జిల్లాల పత్తిని తినివేసినది. అప్పుల బాధకు తాళలేక రైతులు ప్రాణములు తీసికొనిరి. అప్పు తీర్చవలసిన ఇంటిలో మొదట ఆగునది ఆడపిల్ల చదువే. నాటి పదేండ్ల పిల్ల నేడు యాభైయవ ఏటికి చేరువైనది. 6 మొదలు 14 ఏండ్ల వరకు ఉచిత నిర్బంధ విద్య నిచ్చు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చునప్పటికే ఆమె యీడు గడచిపోయినది.

ఈడు దాటినవారికి చదువు చెప్పుట మన సీమకు క్రొత్త కాదు. బాలవితంతువుల కొఱకును, చదువు లేని స్త్రీల కొఱకును ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో గుంటూరునందు శారదానికేతనమును స్థాపించిరి. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయమ్మగారు చిన్ననాడే బడి విడిచి, స్వాతంత్ర్యోద్యమమున దూకి, చెరసాల చూచి, ఆ పిమ్మట మెట్రిక్యులేషను గట్టెక్కి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున పట్టము పొంది, 1942లో న్యాయశాస్త్రమును ముగించిరి. ఆమెకు ఆ పట్టుదల యుండెను. మన గ్రామములలో పట్టుదల గలవారికి కొదువ లేదు. దారి తెలియదు, అంతే.

ఆ దారిని వెడల్పు చేసినది 1982లో హైదరాబాదున స్థాపింపబడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము. ఇంగ్లండులో 1969లో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయము పద్ధతిని మన దేశమున మొదట అనుసరించినది ఇదియే. దీని తొలి ఉపాధ్యక్షులు ఆచార్య జి. రామరెడ్డిగారు పంచాయతీరాజ్య వ్యవస్థను పరిశోధించిన పండితులగుట మీరు గమనింపదగిన విశేషము. పదవ తరగతి పత్రము లేకున్నను, 18 ఏండ్లు నిండినవారు అర్హత పరీక్షలో నెగ్గినచో డిగ్రీలో చేరుటకు ఆ దినములలో వీలు కల్పించిరి. పాఠములు తెలుగున అచ్చై యింటికి వచ్చెడివి, రేడియోలో వినబడెడివి. 1991లో ఈ సంస్థకు డాక్టరు బి.ఆర్. అంబేద్కరు పేరు పెట్టిరి.

నేడు నియమములు మారినవి. డిగ్రీ కోరువారు ముందు ఇంటర్మీడియటు ముగింపవలెను. అందులకు 1991లో ఏర్పడిన సార్వత్రిక విద్యాపీఠము కలదు. 14 ఏండ్లు నిండినవారు పదవ తరగతికి కట్టవచ్చును. పై వయస్సునకు హద్దు లేదు. ఇంటర్మీడియటు అయిన పిదప దూరవిద్యలో చేరగోరువారు, ఆ కోర్సునకు ఆ సంవత్సరము యూ.జీ.సీ. అనుమతి యున్నదో లేదో ముందుగా విచారింపవలెను. డబ్బు పుచ్చుకొని ఉత్తీర్ణతకు పూచీపడు దళారులు గ్రామములలో తిరుగుచుందురు. వారిని గుమ్మము త్రొక్కనీయకుడు. అట్టి పత్రము పరిశీలనలో బయటపడిన నాడు ఉద్యోగమును పోవును, పరువును పోవును.

ఇంత శ్రమ యెందులకని కొందరడుగుదురు. అంగన్‌వాడీ ఆయాగా ఏండ్ల తరబడి పిల్లలను సాకిన స్త్రీని తలచుకొనుడు. పదవ తరగతి లేనిదే ఆమె కార్యకర్త కాజాలదు. ఖాళీ వచ్చినప్పుడు నిన్నగాక మొన్న చదువు ముగించిన కోడలిపిల్ల ఆమెపై అధికారిణియై వచ్చును. ఆ పిల్ల తప్పేమియు లేదు. కాని పదవ తరగతి యొక్కటి కట్టించిన యెడల, ఆ ఖాళీకి దరఖాస్తు పెట్టు హక్కు ఆయాకును కలిగెడిది గదా!

పంచాయతీ చేయదగిన పనులు చిన్నవే. చాలమందికి మొదటి ఆటంకము పుట్టినతేదీ. ఇంటిలో పుట్టి, లెక్కలో నెక్కనివారు పలువురు. ఏడాది దాటిన జననమును నమోదు చేయుటకు మేజిస్ట్రేటు అధికారము గల అధికారి ఉత్తరువు కావలెను. ఆ కాగితములను కార్యదర్శిచే సిద్ధము చేయింపుడు. పూర్వము కొన్ని తరగతులు చదివినవారి బడి రికార్డును ప్రధానోపాధ్యాయునిచే వెదకింపుడు. పంచాయతీ కార్యాలయపు గది సాయంకాలము ఖాళీగానే యుండును. దీపము, ఫ్యాను, నాలుగు బల్లలు చాలును. డిగ్రీ చదివి యింట నున్న యువకుని వారమునకు మూడు దినములు వచ్చి గణితము చెప్పుమని సర్పంచిగారే స్వయముగా అడిగినచో కాదనడు.

ఇక వేళను గూర్చి ఒక మాట. పరీక్షలు మిరప కోతతో ఢీకొనును గనుక, చదువంతయు పత్తి తీతకు ముందే సాగవలెను. ప్రవేశ ప్రకటన సాధారణముగా వానాకాలమున వెలువడును. అది వచ్చిన వారములోనే గ్రామమున చాటింపు వేయించి, పేర్లను గ్రామసభ పుస్తకమున వ్రాయింపుడు. కోతల నాడు పరీక్ష వ్రాయువారికి ఆ నాలుగైదు దినములు ముఠాలో మారుమనిషిని ఏర్పాటు చేయుమని మేస్త్రీతో ముందుగనే మాటాడి యుంచుడు.