బట్టలుతికిన నీళ్లు చెట్లకు పనికి రావాలంటే: కుంకుడు రసం తయారీ (వీడియోతో)

మన అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. గుంతకల్లులో బట్టలుతికిన నీళ్లు కాలవలో పారబోస్తే పెరటి చెట్టు నోటికాడ నీళ్లు లాగేసినట్టే. పోనీ చెట్లకే పోద్దామంటే, చాలా డిటర్జెంట్ పౌడర్లలో సోడా ఉంటుంది. అందులోని సోడియం పేరుకునే కొద్దీ నేల గట్టిపడి నీరు ఇంకదు. మనకు వాన తక్కువ కాబట్టి ఆ ఉప్పు కిందికి కడిగిపోదు. నల్లరేగడిలో ఇబ్బంది ఇంకా ఎక్కువ.

అందుకే ప్యాకెట్ మీద ఆకు బొమ్మ చూసి కొనకండి. "ఈ నీళ్లు కరివేపాకు చెట్టుకు పోయొచ్చా?" అని చూసుకుని కొనండి.

తయారీ:
1. 12 కుంకుడుకాయలు కొట్టి గింజలు తీసేయండి. నురగంతా పైతోలులోనే ఉంటుంది.
2. లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి.
3. పొద్దున 10 నిమిషాలు మరిగించి, చల్లారాక పిసికి వడకట్టండి. 2, 3 రోజుల్లో వాడేయండి.

బోరు నీళ్లలో సబ్బు తెట్టు కడుతుంది, కుంకుడు కట్టదు.

జాగ్రత్తలు: రసం కళ్లలో పడనివ్వొద్దు. చేపలకు ఇది విషం, కుంటలో కలపొద్దు. ఉతికిన నీళ్లు ఆకుకూరలకు వద్దు. చెట్ల మొదట్లోనే, రోజుకో చెట్టుకు మార్చి పోయండి. పిసికే పద్ధతి వీడియోలో చూడండి.