బీమా ఏజెంటు వృత్తి: ఫలము, ఒత్తిడి

1956 సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ ఏర్పడిన నాటినుండి ఏజెంటు వృత్తి ఎన్నో మధ్యతరగతి కుటుంబాలకు ఆధారమైంది. దీనికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. అర్హత పరీక్షలో నెగ్గితే చాలు.

అయితే ఇందు నెలజీతం లేదు, కమీషనే ప్రతిఫలం. సాధారణంగా మొదటి ఏటి ప్రీమియంపై అది హెచ్చుగా, తరువాతి ఏండ్లలో తక్కువగా ఉంటుంది. కనుక కొత్త పాలసీలకై నిత్యం తిరుగక తప్పదు. తొలుత బంధుమిత్రులు ఆదుకొంటారు. ఆ పిమ్మటనే అసలు పరీక్ష. "మీ కమీషనులో మాకెంత?" అని అడిగేవారుంటారు. 1938 నాటి బీమా చట్టం 41వ సెక్షను ప్రకారం అట్లు ఇచ్చుటా, పుచ్చుకొనుటా రెండూ నేరమే.

అంతకంటె పెద్ద ప్రలోభం మరొకటి ఉంది. మార్చి నెలాఖరు తొందరలో పాలసీ కోరేవాని మధుమేహాన్ని ప్రపోజలు పత్రంలో వ్రాయక విడిచిపెట్టవచ్చు. కాని మూడేండ్లలోపు ఆ సంగతి బయటపడితే క్లెయిము నిరాకరింపబడవచ్చు. అప్పుడు నష్టపోయేది అతని భార్యాబిడ్డలే.

పాలసీ నిలిచితేనే రెన్యూవల్ కమీషను నిలుస్తుంది. ఆపదవేళ సొమ్ము ఆ ఇంటికి చేరితే నలుగురిలో ఏజెంటు మాటకు విలువ పెరుగుతుంది. కనుక ఈ వృత్తిలో ప్రవేశింపగోరే విద్యార్థులు మాటనేర్పుతోపాటు ప్రపోజలు పత్రంలో నిజం వ్రాయించే ధైర్యాన్ని కూడా అలవరచుకోవాలి.